నీళ్ళకు అవతల మనవారు – అండమాను ఓడ ప్రయాణము



కళింగపట్నంలో దీపస్తంభము దగ్గర ఇసుక మీద నిలబడి తూర్పు వైపు చూస్తే కంటికి ఆనేది నీరు ఒక్కటే. వంశధార వచ్చి సముద్రములో కలిసే చోటు ఇది. తుఫాను పట్టినప్పుడు కళింగపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారని వార్తల్లో వింటాము. మిగిలిన రోజుల్లో ఇది ఒక రేవు అన్న సంగతి లోకానికి జ్ఞాపకముండదు.

ఒకప్పుడు ఇక్కడ ఓడలు ఆగేవి. మన తాతల కాలములో ఈ తీరపు పల్లెల నుండి ఎందరో పొట్ట చేత పట్టుకొని బర్మా వెళ్ళారు. రంగూనును మనవాళ్ళు ‘రంగం’ అన్నారు. ‘రంగం పోయినాడు’ అన్న మాట నేటికీ ముసలివారి నోట వినబడుతుంది. 1942లో జపాను సైన్యము బర్మాను పట్టుకొన్నప్పుడు అడవులూ కొండలూ దాటి కాలినడకన తిరిగి వచ్చినవారున్నారు, దారిలోనే ఒరిగిపోయినవారున్నారు. ఆ దారి మూసుకొన్న తరువాత మనవారు వెదుక్కొన్న దారులలో ఒకటి అండమాను.

2011 జనాభా లెక్కల ప్రకారము అండమాను నికోబారు దీవులలో ఉన్నవారు సుమారు 3 లక్షల 80 వేల మంది. వారిలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ఆ తెలుగువారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుండి వెళ్ళినవారు చాలామంది. అయినా అక్కడికి ఎలా వెళ్ళాలి, ఎన్ని రోజులు పడుతుంది, దిగిన తరువాత ఎటు పోవాలి అని అడిగితే చెప్పగలిగినవారు మన సంఘాల్లో తక్కువ. తెలియకపోవడము వల్లనే తల్లులూ బిడ్డలూ ఏళ్ళ తరబడి ఎడమైపోతున్నారు. ఈ సంగతి నాకు ఒక తల్లి ద్వారా తెలిసినది.

“ఆ సంద్రమే కదా అడ్డం”

2019 చివరలో ఒక బుధవారపు కూటములో ప్రకటన గ్రంథము చివరి అధ్యాయములు చెబుతున్నాను. క్రొత్త ఆకాశము, క్రొత్త భూమి వచ్చినప్పుడు సముద్రము ఇక ఉండదని యోహాను వ్రాసిన చోటికి వచ్చేసరికి, వెనుక కూర్చున్న ఒక సహోదరుడు “అయ్యగారూ, సంద్రం లేకపోతే మాం ఏటి తినాల?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వేట మీద బ్రతికే సంఘానికి ఆ మాట ఎలా విప్పి చెప్పాలో నేను చదివిన వేదాంత డిప్లొమాలో ఎవరూ నేర్పలేదు.

నవ్వులు సద్దుమణిగాక ముందు వరుసలో చాప మీద కూర్చున్న ఒక పెద్దమ్మ నెమ్మదిగా అన్నది: “నాకు మంచిదే బాబూ. ఆ సంద్రమే కదా నా గుంటడికీ నాకూ అడ్డం.”

ఆమెకు అప్పటికే డెబ్బయి దాటినవి. భర్త వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. మిగిలినది ఒక కొడుకు, ఒక కూతురు, ఒక పడవ. 2006లో ఆ కొడుకు తల్లికి చెప్పకుండా పడవను తాకట్టు పెట్టి, అప్పు తీర్చలేక, ఒక రాత్రి ఇల్లు విడిచి పోయాడు. కొన్ని నెలల తరువాత అండమాను నుండి ఉత్తరము వచ్చినది. ఆ తరువాత నెలనెలా ఎంతో కొంత డబ్బు వస్తూనే ఉన్నది గానీ మనిషి రాలేదు. ఫోను చేస్తే ఒక మాట అందేది, పది మాటలు అందేవి కావు. అక్కడే పెండ్లి చేసుకొన్నాడు. ఇద్దరు పిల్లలు. పదమూడేళ్ళు గడిచినవి.

కూటము అయిపోయాక ఆమె నన్ను ఆపి, “ఆడు రాలేకపోతే నానెల్తాను. నన్ను ఎవులు తీసుకెల్తారు?” అని అడిగినది.

తప్పిపోయిన కుమారుని కథ మనము ఎన్ని సార్లు ప్రసంగించామో లెక్కలేదు. ఆ కథలో కొడుకు తిరిగి వస్తాడు, తండ్రి దూరము నుండి చూసి పరుగెత్తుతాడు. కొడుకు రాలేనంత దూరములో ఉండిపోతే ఏమిటన్నది నేను ఎన్నడూ ఆలోచించలేదు. “నేనే తీసుకొని వెళతానమ్మా” అన్నాను. అన్న తరువాత భయము వేసినది. సముద్రపు ఒడ్డున కాపురము చేస్తున్నానే గానీ అప్పటికి నేను ఓడ ఎక్కి ఎరుగను.

టిక్కెట్టు సంగతి

అండమానుకు ప్రయాణికుల ఓడలు మూడు రేవుల నుండి వెళతాయి: చెన్నై, కలకత్తా, విశాఖపట్నం. చెన్నై, కలకత్తాల నుండి నెలకు మూడు నాలుగు సార్లు ఉంటే, విశాఖ నుండి నెలకు ఒక్కసారి ఉంటే గొప్ప. తేదీలు రైలు పట్టికలాగ ఏడాది ముందుగా తెలియవు. కొద్ది రోజుల ముందు ప్రకటిస్తారు, మరల మార్చనూ వచ్చు. కనుక ఓడ వ్యవహారాలు చూసే ఏజంటు కార్యాలయములో ముందుగా కనుక్కొంటూ ఉండాలి. గుర్తింపు కార్డు, ఫోటోలు దగ్గర ఉంచుకోవాలి.

ఓడలో తరగతులు ఉంటాయి. పైన గదుల తరగతులు. అన్నిటికన్నా చవకైనది బంకు తరగతి. పెద్ద హాలులో రైలు బెర్తులవలె ఒకదాని మీద ఒకటి పడకలుంటాయి. మన కూలివారు, మేస్త్రీలు, వేటగాళ్ళు అందరూ వెళ్ళేది అందులోనే. మేమూ అదే తీసుకొన్నాము. సంఘము వారు ఆమె టిక్కెట్టుకు చందా వేసుకొన్నారు. కూతురు మాత్రము, “ఈ వయస్సులో అమ్మను సముద్రం మీదికి తీసుకెళతారా? నాన్నను మింగినది చాలదా?” అని నా మీద కోపగించినది. ఆమె అన్నదానిలో తప్పులేదు. “ఎండాకాలము పోనిచ్చి చూద్దాము” అని కొందరు పెద్దలు కూడా అన్నారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు.

2020 జనవరిలో ఒక తెల్లవారుజామున కళింగపట్నం నుండి బస్సులో శ్రీకాకుళము, అక్కడి నుండి ఆమదాలవలస వద్ద ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషను, రైలులో విశాఖ చేరాము. తీరా వెళితే ఓడ రెండు రోజులు ఆలస్యమన్నారు. కారణము ఎవరూ చెప్పలేదు. తెలిసిన ఒక విశ్వాసి ఇంట రెండు రాత్రులు తలదాచుకొన్నాము. కనుక వెళ్ళగోరువారు చేతిలో నాలుగు రోజులు, నాలుగు వందలు అదనముగా ఉంచుకోవలెనని మనవి.

రెండు పగళ్ళు, మూడు రాత్రులు

విశాఖ నుండి పోర్ట్ బ్లెయిర్‌కు సముద్రము మీద సుమారు 1,200 కిలోమీటర్లు. మామూలుగా 56 గంటల ప్రయాణమంటారు. గాలిని బట్టి కొంత ఎక్కువ పడుతుంది. మా ఓడ సాయంకాలము కదిలినది. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపము చాలాసేపు వెనుక కనబడుతూ ఉండి, తరువాత అదీ పోయినది. ఆ వెనుకనే ఫోనులో సిగ్నలు పోయినది. ఇక మూడవ రోజు వరకు లోకముతో మాట లేదు.

మొదటి రాత్రి నాకు కడుపులో త్రిప్పి, లేవలేకపోయాను. ఆమెకు ఏమీ కాలేదు. పడవ మీద పుట్టి పెరిగిన మనిషి. ఆమెను కాపాడుతూ తీసుకొని వెళుతున్నానని బయలుదేరిన కాపరికి ఆమే నిమ్మకాయ వాసన చూపించి, వట్టి అటుకులు తినిపించి, “కిందికి సూడకు బాబూ, దూరంగా సూడు” అని నేర్పినది. ఇది మంచి సలహాయే. కడుపు ఖాళీగా ఉంచకూడదు, నూనె వస్తువులు తినకూడదు, ఓడ నడిమి భాగములో పడుకొంటే ఊపు తక్కువ. ఓడలో వైద్యుడు ఉంటాడు, మాత్రలు ఇస్తాడు. భోజనశాలలో అన్నము, సాంబారు దొరుకుతాయి గానీ, మన నోటికి పులిహోర, పచ్చడి, చేగోడీలు వెంట ఉంటే మంచిది. ఒక దుప్పటి, ఒక కంచము, ఒక గ్లాసు మరచిపోకూడదు.

రెండవ రోజు డెక్కు మీదికి వచ్చాము. నీటి రంగు చూసి ఆమె కూడా ఆశ్చర్యపడినది. మన తీరములో మట్టి కలిసిన ఆకుపచ్చ నీరు. అక్కడ సిరా వలె నల్లని నీలము. ఎగిరే చేపలు గుంపుగా లేచి మరల నీళ్ళలో పడుతున్నవి. ‘కాలాపానీ’ అన్న పేరు ఊరికే రాలేదనిపించినది. అయితే ఆ పేరుకు వేరే అర్థము ఉన్నదని మన పెద్దలకు తెలుసు. సంకెళ్ళతో ఆ నీళ్ళు దాటినవాడు మరల తిరిగి రాడన్న భయము దానిలో ఉన్నది.

సాయంకాలము డెక్కు మీద పదిమంది తెలుగువారము చేరాము. శ్రీకాకుళం మేస్త్రీలు ముగ్గురు, విజయనగరం నుండి కాన్పుకు కూతురు దగ్గరకు వెళుతున్న ఒక తల్లి, సెలవు అయిపోయి తిరిగి వెళుతున్న ఒక ఉపాధ్యాయుడు. అపొస్తలుడైన పౌలు ఎక్కిన ఓడ ఊరకులోను అనే పెనుగాలికి కొట్టుకొనిపోయి మెలితే ద్వీపము ఒడ్డున బ్రద్దలైన సంగతి ఆ రాత్రి చదువుకొన్నాము. ఒడ్డున చదివినప్పుడు అది కథ. నాలుగు వైపులా నీరు పెట్టుకొని చదివితే ప్రతి మాటా ఒంటికి తగులుతుంది. ఆ ద్వీపపు మనుష్యులు చలిలో వణికే పరదేశులకు నిప్పు వేసి ఆదరించారన్న చోట మేస్త్రీలలో ఒకడు, “మొదటిసారి దిగినప్పుడు నాకూ ఒక బెంగాలీ ముసలాయన ఇంత అన్నం పెట్టాడండి” అన్నాడు.

ఒడ్డున నిలబడిన మనిషి

మూడవ రోజు తెల్లవారుతుండగా పచ్చని కొండలు కనబడినవి. నీటి అంచు వరకు అడవి. ఓడ హాడో రేవులో ఆగినది. ఈ పట్టణము పేరు 1789లో అక్కడ మొదట స్థావరము వేసిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ పేరున పోర్ట్ బ్లెయిర్ అయినది. 2024 సెప్టెంబరులో ప్రభుత్వము దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చినది. మన వాళ్ళ నోట ఇంకా పాత పేరే ఉన్నది గనుక నేను రెండూ చెబుతున్నాను.

గేటు బయట ఆమె కొడుకు నిలబడి ఉన్నాడు. ఓడ ఎప్పుడు వస్తుందో తెలియక తెల్లవారుజామున నాలుగు గంటలకే వచ్చాడట. వెళ్ళినప్పుడు ఇరవై రెండేళ్ళ కుర్రవాడు. ఇప్పుడు చెంపలు నెరిసిన మనిషి. నేను గుర్తుపట్టలేదు, ఆమె పట్టినది. ఏమంటుందోనని నేను బిగబట్టుకొని ఉన్నాను. ఆమె అడిగిన మొదటి మాట, “ఏటైనా తిన్నావా?” అని. అతడు అక్కడే నేల మీద కూర్చుండి ఏడ్చాడు.

తరువాత అతడు నాతో చెప్పాడు: “డబ్బు లేక రాలేదని అందరూ అనుకొన్నారు అయ్యగారూ. మూడు సార్లు టిక్కెట్టు కొన్నాను. రేవు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాను. ఆ పడవ పేరెత్తితే ఏమని చెప్పాలో తెలియక.” మేమున్న తొమ్మిది రోజుల్లో ఆమె ఆ పడవ పేరెత్తలేదు. మన ఊరి ఎండు నెత్తళ్ళు మూట కట్టి తెచ్చినది. చేపల రేవు ప్రక్కన కాపురముండే కోడలికి చేపలు తెచ్చినందుకు అందరమూ నవ్వుకొన్నాము. అయినా ఆ మూట రెండు రోజుల్లో ఖాళీ అయినది.

వారి ఇల్లు జంగ్లీఘాట్‌లో. పేరుకు జంగ్లీ గానీ అక్కడ అడుగుపెడితే మన పల్లెలోకి వచ్చినట్లే ఉంటుంది. వలలు బాగుచేసేవారు, చేపలు వేరుచేసే ఆడవారు, “ఓలమ్మా”, “ఏటే” అన్న పిలుపులు. ఆదివారము తెలుగు ఆరాధనకు వెళ్ళాము. మన యాస మాటలు విని నేను ఏ ఊరిలో ఉన్నానో మరచిపోయాను.

దీవిలో తిరగడము

పట్టణములో ఆటోలు, సిటీ బస్సులు ఉన్నవి. అబర్దీను బజారు దగ్గరి మోహన్‌పురా బస్టాండు నుండి చుట్టుప్రక్కల ఊళ్ళకు బస్సులు దొరుకుతాయి. గడియారము మన గడియారమే గానీ సూర్యుడు తొందరగా వస్తాడు, తొందరగా పోతాడు. జనవరిలో సాయంకాలము ఐదున్నరకే చీకటి. కనుక పనులు ఉదయమే చూసుకోవాలి. మే నుండి వర్షాలు మొదలై ఏడాది చివరి దాకా వస్తూ పోతూ ఉంటాయి. ముసలివారిని తీసుకొని వెళ్ళేవారికి జనవరి నుండి ఏప్రిలు మధ్య అనుకూలము.

ఒక రోజు కొడుకు మమ్మును సెల్యులారు జైలుకు తీసుకొని వెళ్ళాడు. 1858 మార్చిలో, అంతకు ముందు ఏడాది తిరుగుబాటులో పట్టుబడినవారితో ఈ ద్వీపాంతర శిక్ష మొదలైనది. ఈ జైలును 1896లో కట్టడము ప్రారంభించి 1906లో ముగించారు. నడుమ ఒక గోపురము, దాని చుట్టూ ఏడు భవనములు. వాటిలో నేడు మిగిలినవి మూడు. ఒక్కొక్క ఖైదీకి ఒక్కొక్క గది. ఒకరి ముఖము ఒకరికి కనబడకుండా కట్టారు. మన మన్యములో అల్లూరి సీతారామరాజుతో కలిసి పోరాడిన గాము మల్లుదొర కూడా అండమాను శిక్ష అనుభవించినవాడే. తిరిగి వచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికైనాడు. కాలాపానీ దాటినవాడు తిరిగి రాడన్న మాట అన్నివేళలా నిజము కాదు.

ఆ గదిలో నిలబడినప్పుడు నాకు పత్మాసు జ్ఞాపకము వచ్చినది. రోమా ప్రభుత్వమూ ఇష్టములేని వారిని దీవులకే పంపేది. యోహాను పరవాసిగా ఉన్న పత్మాసు, గ్రీసు దేశానికి చెందిన ఒక చిన్న ద్వీపము. విస్తీర్ణము సుమారు 34 చదరపు కిలోమీటర్లు. నేటికీ అక్కడ విమానాశ్రయము లేదు. ఏథెన్సు ప్రక్కనున్న పిరేయసు రేవు నుండి ఓడలో ఎనిమిది గంటలు పోవాలి. ఓడ స్కాలా అనే రేవులో ఆగుతుంది. అక్కడి నుండి కొండ మీది పాత ఊరికి వెళ్ళే దారి మధ్యలో, యోహాను దర్శనములు చూచెనని చెప్పుకొనే గుహ ఉన్నది. కొండ మీద 1088లో స్థాపించిన మఠము ఉన్నది. ఈ రెంటినీ 1999లో ప్రపంచ వారసత్వ స్థలములుగా గుర్తించారు. లోకమంతటి నుండి జనము దానిని చూడబోతారు. మనుష్యులను పారవేయడానికి ఏర్పరచిన చోటుకు ఇప్పుడు మనుష్యులు కోరి వెళుతున్నారు. అండమాను సంగతీ అంతే. శిక్షగా వచ్చినవారి తరువాత బ్రతుకు తెరువు కొరకు వచ్చినవారు, వారి తరువాత వారిని చూడవచ్చినవారు.

మరొక రోజు చిన్న పడవలో రాస్ ద్వీపానికి వెళ్ళాము. 2018 డిసెంబరులో దానికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపము అని పేరు పెట్టారు. పడవలో కొద్ది నిమిషముల దారి. 1941 భూకంపము, ఆ మరుసటి ఏడాది జపాను వారి రాక వరకు అధికారుల బంగళాలన్నీ అక్కడే. ఇప్పుడు గోడలను మర్రిజాతి చెట్ల వేళ్ళు పట్టుకొని ఉన్నవి. పై కప్పు లేని ఒక చర్చి ఉన్నది. పెద్దమ్మ దాని గుమ్మములో చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, ఆకాశము క్రింద మోకరించినది. చుక్కల జింకలు రెండు మేస్తూ ఆమెను చూసినవి.

స్వరాజ్ ద్వీపము (పాత పేరు హావ్‌లాక్), షహీద్ ద్వీపము (పాత పేరు నీల్) చూడగోరువారు ఫీనిక్స్ బే జెట్టీ నుండి ప్రభుత్వ ఓడ ఎక్కవచ్చు. హావ్‌లాక్‌కు సుమారు రెండున్నర గంటలు. మేము వెళ్ళలేదు. ఎక్కడికి వెళ్ళినా పగడపు ముక్కలు ఏరుకొని తేకూడదు, అది నేరము. మొసలి హెచ్చరిక బోర్డు ఉన్న చోట నీళ్ళలో దిగకూడదు.

ఒక జాగ్రత్త మాట

ఉత్తరాన బారాటాంగు వైపు వెళ్ళే రోడ్డు జారవా జనుల అడవి గుండా పోతుంది. జిర్కాటాంగు దగ్గర వాహనములను ఆపి గుంపుగా, కాపలాతో పంపుతారు. దారిలో ఆగకూడదు, ఫోటో తీయకూడదు, వారికి తినుబండారము ఇవ్వకూడదు. మన క్రైస్తవులలో కొందరు దీనిని సువార్తకు అడ్డుగా మాట్లాడతారు. 2018 నవంబరులో సువార్త తలంపుతోనే నార్త్ సెంటినెల్ ద్వీపములో నిషేధము దాటి అడుగుపెట్టిన ఒక అమెరికా యువకుడు ప్రాణము పోగొట్టుకొన్నాడు. ఆ యౌవనస్థుని ప్రేమను నేను ఎగతాళి చేయను. కానీ ఒక సంగతి ఆలోచించండి. 1877లో బయటివారి ద్వారా సోకిన తట్టు వ్యాధితో గ్రేట్ అండమానీయులు లెక్కకు మిక్కిలిగా చనిపోయారు. మనకు నాలుగు రోజుల జ్వరము వారికి వంశనాశనము కావచ్చు. పొరుగువాని ప్రాణమును లెక్కచేయని ప్రేమ ఎలాంటి ప్రేమ?

నికోబారు దీవులకూ ప్రత్యేక అనుమతి లేనిదే బయటివారు వెళ్ళరాదు. అక్కడి కార్ నికోబారులో అధిక సంఖ్యాకులు క్రైస్తవులు. ఆ ద్వీపములోనే పుట్టిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ (1884–1978) తన జనుల భాషలోనికి క్రొత్త నిబంధన తెచ్చాడు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఆ ద్వీపమును ఎంత దెబ్బ తీసినదో మీరు వినే ఉంటారు. అక్కడివారి కొరకు ప్రార్థించడానికి ఏ అనుమతీ అక్కరలేదు.

ఆలస్యము చేసి ఉంటే

ఫిబ్రవరి మొదటి వారములో తిరిగి వచ్చాము. మార్చిలో కరోనా వచ్చినది. ఓడలు, విమానములు ఆగిపోయినవి. ఎండాకాలము పోనిచ్చి వెళదామన్న పెద్దల మాట విని ఉంటే ఏమయ్యేదో నేను ఎన్నో సార్లు తలంచుకొన్నాను.

2020 ఆగస్టు 10న చెన్నై నుండి అండమానుకు సముద్రము అడుగున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబులు ప్రారంభమైనది. ఆ తరువాత ఫోనులో ముఖము చూస్తూ మాట్లాడుకొనే వీలు కలిగినది. పెద్దమ్మ ప్రతి ఆదివారము మనవల ముఖము చూసుకొనేది. 2021 మే నెలలో ఆమె ప్రభువు నందు నిద్రించినది. కొడుకు రాలేకపోయాడు. సమాధి కార్యక్రమమును కూతురు ఫోనులో పట్టి చూపించగా అక్కడ జంగ్లీఘాట్‌లో కూర్చుండి చూశాడు. ఆ తరువాత నాతో అన్నాడు: “అమ్మ వచ్చి వెళ్ళింది గనుక నిలబడ్డాను అయ్యగారూ. లేకపోతే నేను బ్రతికుండి ఏం లాభం?” 2022 క్రిస్మసుకు భార్యాపిల్లలతో ఊరికి వచ్చాడు. చెల్లెలికి ఒక క్రొత్త వల, పడవ అప్పు తాలూకు మిగిలిన డబ్బు తెచ్చి ఇచ్చాడు.

ప్రియులారా, మీ ఇంటి నుండి దూరము పోయినవారు, అండమాను కావచ్చు, గల్ఫు కావచ్చు, చెన్నై కావచ్చు, ఎందుకు రావడములేదని మనము ఏళ్ళ తరబడి కూర్చుండి అడుగుతాము. డబ్బు పంపుతున్నాడు గదా అని సరిపెట్టుకొంటాము. చాలాసార్లు వారిని ఆపేది దూరము కాదు, సిగ్గు. ఆ సిగ్గును వారు ఒంటరిగా దాటలేరు. మనము వెళ్ళగలిగితే వెళదాము. వెళ్ళలేకపోతే మొదటి మాట మనమే పలుకుదాము. ఆ మాట పడవ గురించి కాక, తిన్నావా అన్నదై ఉండనివ్వండి.

వెళ్ళగోరువారికి

భారతీయులకు శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్), హావ్‌లాక్, నీల్ మొదలైన చోట్లకు ప్రత్యేక అనుమతి అక్కరలేదు. ఆధారు లేక ఓటరు కార్డు చాలు. గిరిజన ప్రాంతాలకు, నికోబారుకు అనుమతి తప్పదు. ముసలివారు, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుని అడిగి ఓడ ఎక్కాలి. ఓపిక లేనివారికి చెన్నై, కలకత్తాల నుండి విమానము ఉన్నది, సుమారు రెండు గంటల దారి. టిక్కెట్టు ఖరీదు మాత్రము ఓడ బంకు కంటే బాగా ఎక్కువ. ఎవరినైనా చూడబోయేవారు వారి ఇంటి గుర్తులు, ప్రక్కింటి వారి ఫోను నంబరు కూడా వ్రాసి పెట్టుకోవాలి.

మీ సంఘములో ఇలాంటి తల్లిగాని తండ్రిగాని ఉంటే వారి తరఫున ఓడ తేదీ కనుక్కొనే పని ఒక యౌవనస్థునికి అప్పగించండి. మా ఊరిలో ఇప్పటికి అలా మరి ముగ్గురు వెళ్ళి వచ్చారు. ఈ జనవరిలో నాల్గవ ఆమె వెళ్ళడానికి సిద్ధపడుచున్నది. ఎండు నెత్తళ్ళు ఇప్పటినుండే ఆరబెడుతున్నది.